మండపంలో కుమిటే, ఫ్లాష్ లేకుండా

మూఢం వచ్చిందంటే చిలకలూరిపేటలో కల్యాణ మండపాల వాళ్లకీ, ఫోటో స్టూడియోల వాళ్లకీ ఒకేసారి పని తగ్గుతుంది. మండపం వాళ్లు ఆ రోజుల్లో హాలును మీటింగులకీ, ఎగ్జిబిషన్లకీ, కరాటే పోటీలకీ అద్దెకిచ్చి కొంత రాబట్టుకుంటారు. స్టూడియో వాళ్లు పాస్‌పోర్టు ఫోటోలతో, లామినేషన్లతో నెట్టుకొస్తారు. ఆ పోటీకి ఫోటోలు తీయమని మాస్టారు కబురు పెడితే, వందసార్లు పెళ్లి తీసిన హాలే కదా అని అదే కెమెరా, అదే ఫ్లాష్, అదే సెట్టింగులతో వెళ్తారు. సాయంత్రానికి కార్డు నిండా కదిలిపోయిన చేతులు, నల్లబడ్డ ముఖాలు మిగులుతాయి. హాలు పాతదే, పని మాత్రం కొత్తది. పెళ్లి బాగా తీయగలిగిన వాళ్లు ఈ పనిలోకి దిగాలంటే కొన్ని అలవాట్లు మానుకోవాలి, కొన్ని నేర్చుకోవాలి. ఈ సలహా వాళ్ల కోసమే.

మొదట మానాల్సింది ఫ్లాష్. పెళ్లిలో వెలుతురు మన చేతిలో ఉంటుంది. చాలకపోతే ఇంకో లైటు పెడతాం, కుర్రాణ్ణి గొడుగు పట్టుకుని నిలబడమంటాం. పోటీలో అది కుదరదు. ఎదుటివాడి కాలు ముఖం మీదికి వస్తున్న క్షణంలో కళ్లలో వెలుగు కొడితే ఆ పిల్లవాడికి దెబ్బ తగులుతుంది. పెద్ద పోటీల్లో ఫ్లాష్ కొట్టనివ్వరు. మండల స్థాయిలో ఎవరూ అడగకపోవచ్చు. అడగకపోయినా కొట్టకండి. మైకులో "ఫోటోగ్రాఫర్ గారూ, ఫ్లాష్ ఆపండి" అని ఒక్కసారి వినిపిస్తే, ఆ హాల్లో ఉన్న తల్లిదండ్రులెవరూ మీ దగ్గర ఆల్బమ్ చేయించుకోరు.

ఫ్లాష్ పోయాక మిగిలేవి మూడు: షట్టర్ స్పీడ్, అపెర్చర్, ఐఎస్ఓ. వీటిలో దేన్ని వదులుకోవాలో ముందే తేల్చుకోండి. నా లెక్కలో వదులుకోవాల్సింది ఐఎస్ఓ. ఫోటోలో గరుకుతనం ఉన్నా అమ్మ కొనుక్కుంటుంది, పేపరు వేసుకుంటుంది. ముఖం కదిలిపోయిన ఫోటోని ఎవరూ కొనరు. పెళ్లి వాళ్లకి ఐఎస్ఓ 1600 దాటడమంటే భయం. చర్మం నున్నగా కనిపించాలన్న అలవాటు నుంచి వచ్చిన భయం అది. ఇక్కడ 6400 దగ్గర మొదలుపెట్టండి. తైక్వాండో కిక్కుకి 1/1000, బాక్సింగ్ పంచ్‌కీ, కరాటేలో ఇద్దరు తలపడే కుమిటేకీ 1/800, జూడోకీ కుస్తీకీ 1/500 కావాలి. ఒంటరిగా కదలికల వరస చూపించే కటా చేసే పిల్లలకు 1/320 సరిపోతుంది, ఎందుకంటే కటాలో ప్రతి కదలికా చివర ఒక్క క్షణం బిగుసుకుని ఆగుతుంది. గెలిచినవాడి చెయ్యి రిఫరీ పైకెత్తేటప్పుడు 1/250 చాలు, అప్పుడు ఐఎస్ఓ దించుకోవచ్చు. కెమెరా డయల్ మీద సీ1, సీ2 అని ఉండే చోట ఆటకి ఒకటి, ఈ చెయ్యెత్తే క్షణానికి ఒకటి అని రెండు సెట్టింగులూ దాచిపెట్టుకుంటే బౌట్ అయిన వెంటనే ఒక్క తిప్పుతో మారిపోవచ్చు.

లెన్స్ విషయంలో చాలామంది అనవసరంగా బెంగపడతారు. కిట్ లెన్స్ పనికిరాదు, అది నిజమే. జూమ్ చేస్తే ఎఫ్ 5.6కి పడిపోతుంది. కానీ స్టూడియోలో మూలన పడి ఉన్న 50 ఎం.ఎం. ఎఫ్ 1.8, క్యాండిడ్ కోసం కొన్న 85 ఎం.ఎం. ఎఫ్ 1.8, ఈ రెండే చీకటి హాల్లో బంగారం. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 1.8కి వస్తే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు ఐదు రెట్లవుతుంది. ఎఫ్ 2.8 జూమ్‌తో 1/800 దగ్గర ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట, ఎఫ్ 1.8 ప్రైమ్ పెడితే 2500తో పని అయిపోతుంది. దానికి తగ్గ చిక్కూ ఉంది. ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద 85 ఎం.ఎం.ని ఎఫ్ 1.8లో పెట్టి ఐదు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 37 సెంటీమీటర్లే, అంటే అడుగు పైచిలుకు. ఇద్దరు ఆటగాళ్లలో ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటే ఇద్దరూ స్పష్టంగా రారు. అందుకని ఇద్దరూ మీకు పక్కవాటుగా, ఒకే దూరంలో కనిపించే క్షణం కోసం ఆగండి. లేదంటే ఒకరి భుజం మీదుగా రెండోవారి ముఖం ఒక్కటే పట్టుకోండి. రెండూ కావాలని ఆశపడితే రెండూ పోతాయి.

ఇక ఈ పనిలో అందరినీ తిప్పలు పెట్టే విషయం లైట్ల మినుకు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన మండపాల్లో అసలు తలనొప్పి చీకటి కాదు, ఇది.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ కరెంటు మీద నడిచే పాత చోక్ ట్యూబ్‌లైటు, మెటల్ హాలైడ్ లైటు, నాసిరకం డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ సెకనుకి 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తాయి. కంటికి తెలియదు. 1/100 షట్టర్‌తో తీస్తే ఆ పెరుగూ తరుగూ ఒక చుట్టు పూర్తిగా పట్టుబడుతుంది కాబట్టి అన్ని ఫోటోలూ ఒకేలా వస్తాయి. 1/1000తో తీస్తే ఆ చుట్టులో పదో వంతే పట్టుబడుతుంది. అందుకే వరసగా నొక్కిన ఐదు ఫోటోల్లో ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా వస్తుంది. కెమెరా చెడిపోయిందని సర్వీసుకి పంపేవాళ్లున్నారు. కోటప్పకొండ తిరునాళ్లకు మన ఊరి వైపు నుంచి వెళ్లే విద్యుత్ ప్రభల్ని తీసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. షట్టర్ వేగం పెంచినకొద్దీ ప్రభ మీద కొన్ని వరసలు వెలిగి, కొన్ని ఆరిపోయి కనిపిస్తాయి. మండపంలో జరిగేదీ అదే. ప్రభలో బల్బులు కనిపిస్తాయి కాబట్టి తెలిసిపోతుంది. ఇక్కడ ఆ తేడా పిల్లవాడి ముఖం మీద పడుతుంది.

పెద్ద ఇండోర్ స్టేడియాల్లో ఇంకో మెలిక ఉంటుంది. పైలైట్లని మూడు ఫేజుల మీద పంచుతారు. ఒక ఫేజు లైట్లు వెలుగు మీదున్నప్పుడు ఇంకో ఫేజువి తగ్గుముఖంలో ఉంటాయి. దాంతో ఒకే ఫోటోలో మ్యాట్ ఎడమ వైపు ఒక రంగు, కుడి వైపు ఒక రంగు.

ముందే కనిపెట్టడం తేలిక. మీ ఫోన్‌లో స్లోమోషన్ వీడియో, 240 ఫ్రేములది, పెట్టి ఒక్కో లైటు వైపూ చూపించండి. మినుకుంటే ఫోన్ తెర మీదే కొట్టుకుంటుంది. తర్వాత కెమెరాని 1/1000లో పెట్టి తెల్ల గోడని పది ఫ్రేములు బర్స్ట్ కొట్టి, పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే నిశ్చింతగా పనిచేసుకోవచ్చు. తేడా ఉంటే మెనూలో యాంటీ ఫ్లికర్ అనో, ఫ్లికర్ రిడక్షన్ అనో ఉందేమో వెతకండి. 2014లో క్యానన్ 7డి మార్క్ 2తో వచ్చిన సదుపాయం ఇది. తర్వాత క్యానన్ 80డి, నికాన్ డి500, డి850, సోనీ ఏ7 3 లాంటి వాటిలోనూ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో బాడీ కొనేవాళ్లు మెగాపిక్సెళ్ల కంటే ముందు దీన్ని అడగాలి. లైటు నిండుగా వెలిగే క్షణం దాకా కెమెరా ఆగి అప్పుడు షట్టర్ వదులుతుంది. అందుకు బర్స్ట్ వేగం కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఆ సదుపాయం లేని బాడీ అయితే ఒక్కో దెబ్బకి ఐదారు ఫ్రేములు తీసి, వెలుగు నిండుగా పడ్డవాటినే ఉంచుకోవడం తప్ప దారి లేదు. రంగు మరీ పాడైన మంచి ఫోటో ఉంటే బ్లాక్ అండ్ వైట్ చేసి ఇవ్వండి, తల్లిదండ్రులు సంతోషంగానే తీసుకుంటారు.

ముహూర్తం వేళ శబ్దం రాకూడదని మనం వాడే సైలెంట్ షట్టర్‌ని ఇక్కడ తప్పకుండా ఆపేయాలి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫోటోని పైనుంచి కిందికి వరసలుగా చదువుతుంది. మినుకే లైటు కింద అది నల్ల చారలవుతుంది. వేగంగా వచ్చే కాలు వంగిపోయి కనిపిస్తుంది. మెకానికల్ షట్టర్ టకటకలాడినా కరాటే హాల్లో ఎవరికీ వినిపించదు. అరుపులు అంతకంటే ఎక్కువ.

విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ కంటే మీకు ఎక్కువున్నది ఒకటుంది. మండపం ఎలక్ట్రీషియన్ మీకు పేరు పెట్టి పిలిచేంత తెలిసినవాడు. పోటీ మొదలయ్యే ముందే వెళ్లి, "అన్నా, పక్క వరండా లైట్లు కూడా వెయ్యి, స్టేజి మీద ఊదారంగు ఎల్ఈడీలు తీసెయ్యి, సీరియల్ సెట్ ఆపు" అని అడగండి. రిసెప్షన్‌కి అందం తెచ్చే ఆ ఊదారంగు, నీలం లైట్లు తెల్లటి కరాటే డ్రెస్సు మీద పడితే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని కడగలేదు. మ్యాట్లు ఎక్కడ పరచాలో ఇంకా తేలకపోతే మాస్టారికి ఓ మాట చెప్పండి: స్టేజి ముందు కాకుండా, ఎక్కువ లైట్లున్న హాలు నడిమధ్య పరిస్తే మీ పిల్లల ఫోటోలు బాగా వస్తాయని. చాలామంది వింటారు.

పోటీలు కొన్నిసార్లు మండపంలో కాక స్కూలు హాల్లోనో, ఖాళీ అయిన పత్తి గోడౌన్‌లోనో పెడతారు. పైకప్పులో అక్కడక్కడా వెలుతురు రేకులు వేసిన గోడౌన్ అయితే పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మీకు పండగే. పగటి వెలుతురు మినకదు. ఆ రేకు కింద పడే వెలుగు మచ్చలోకి ఆటగాళ్లు వచ్చినప్పుడే నొక్కండి. పెద్ద కిటికీలుంటే వాటికి వీపు పెట్టి కూర్చోండి, ఎదురుగా కూర్చుంటే అంతా నీడబొమ్మలే. గోడౌన్‌లో లెన్స్ మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. గాల్లో తేలే పత్తి నూగు సెన్సార్ మీద కూర్చుంటే రోజంతా ప్రతి ఫోటోలో మచ్చ. బాడీని కిందికి వంచి మార్చండి, లేదా రెండు బాడీలు పెట్టుకోండి.

ఎక్కడ కూర్చుంటారన్నది కెమెరా కంటే పెద్ద విషయం. 1965 మే 25న అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌లో మహమ్మద్ అలీ మొదటి రౌండ్‌లోనే సన్నీ లిస్టన్‌ని పడగొట్టి, అతని మీద నిలబడి చెయ్యి విదిలిస్తూ గద్దించిన రంగు ఫోటోని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. నీల్ లీఫర్ తీశాడు. అప్పటికతనికి ఇరవై రెండేళ్లు. ఆ ఫోటోలో అలీ కాళ్ల మధ్య నుంచి రింగు అవతలి వైపు ఒక ఫోటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్, లీఫర్ పనిచేసిన పత్రికకే పనిచేసే సీనియర్. ఆయనకి దొరికింది అలీ వీపు. రింగు పైన కట్టిన ఫ్లాష్‌లు ఆ ఫోటోకి వెలుగునిచ్చాయి, అది మనకి కుదరని పని. కానీ కూర్చున్న చోటు మాత్రం ఎవరికైనా ఒకటే లెక్క.

లీఫర్‌కి ఆ చోటు దక్కడం అదృష్టమే అనుకున్నా, ఆ అదృష్టాన్ని కొంచెం మన వైపు తిప్పుకోవచ్చు. మొదటి రెండు బౌట్లు ఫోటోలు తీయకుండా చూడండి. రిఫరీ ఎక్కువసేపు ఎటు తిరిగి నిలబడుతున్నాడు, మూలల్లో జడ్జీల కుర్చీలు ఎక్కడ అడ్డం వస్తున్నాయి, విజేత చెయ్యి ఏ వైపు తిరిగి ఎత్తుతున్నాడు, వెనక ఏ ఫ్లెక్సీ కనిపిస్తోంది, ఇవి గమనించి చోటు ఎంచుకోండి. కరాటే, తైక్వాండోలకు నేల మీద కూర్చుని తీయండి. కింది నుంచి చూస్తే కిక్కు ఎత్తు తెలుస్తుంది, వెనకున్న కుర్చీల గందరగోళం తగ్గుతుంది. హెడ్‌గార్డ్ పెట్టుకునే ఆటల్లో ఇంకో లాభం ఉంది. పైలైటు వల్ల నుదుటి ప్యాడ్ నీడ కళ్ల మీద పడుతుంది. కింది నుంచి తీస్తే, మ్యాట్ మీద పడి పైకి లేచే వెలుతురు ఆ కళ్లలో కొంచెమైనా కనిపిస్తుంది. మ్యాట్ నీలం రంగుదైతే ఆ వెలుగూ నీలంగానే వస్తుంది. అందుకే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోకి వదలకుండా, మ్యాట్ మధ్యలో తెల్ల కాగితం పెట్టి కస్టమ్ చేసుకోండి.

బాక్సింగ్ రింగు తాళ్ల లోపల 6.1 మీటర్ల చదరం. పక్కనే నిలబడే వీలుంటే 24-70 చాలు, కింది తాడుకీ రెండో తాడుకీ మధ్య నుంచి లెన్స్ పెట్టండి. గ్యాలరీకే పరిమితమైతే 70-200 ఎఫ్ 2.8 అద్దెకి తెచ్చుకోండి. తాళ్ల దగ్గర ఆటోఫోకస్‌ని నమ్మొద్దు. ఆటగాణ్ణి వదిలి తాడుని పట్టుకుంటుంది. కంటిన్యువస్ ఫోకస్ పెట్టి, పాయింట్లన్నీ తెరిచి ఉంచకుండా చిన్న జోన్‌కి కుదించండి. ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసి వెనక బొటనవేలి బటన్‌కి ఇవ్వండి. తాడు అడ్డొచ్చిన క్షణంలో వేలు ఎత్తేస్తే ఫోకస్ ఉన్నచోటే ఉంటుంది. కొత్త కెమెరాల్లో కన్ను పట్టే ఫోకస్ బాగానే పనిచేస్తుంది కానీ, దానికి రిఫరీ కన్నయినా ఒకటే.

బర్స్ట్‌ని మెషిన్ గన్‌లా వాడే కుర్రాళ్లకి ఒక మాట. దెబ్బ కనిపించాక నొక్కితే అది అయిపోయినట్టే. ప్రతి ఆటగాడికీ ఒక అలవాటుంటుంది. ఒకడు కిక్కు వేసే ముందు వెనక మడమ తిప్పుతాడు, ఒకడు భుజం దించుతాడు, ఒకమ్మాయి రెండుసార్లు ఎడమచేత్తో ఊరించి మూడోసారి కుడిచెయ్యి వేస్తుంది. మొదటి నిమిషం అది చూసుకుంటే తర్వాత మూడు ఫ్రేములు చాలు. కార్డూ మిగులుతుంది, రాత్రి ఏరుకునే పనీ తగ్గుతుంది.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లోనే ఉంచండి. తెల్ల కరాటే డ్రెస్సు ఫ్రేము నిండా ఉంటే మీటర్ మోసపోయి ఫోటోని చీకటి చేస్తుంది, మన పిల్లల చామనఛాయ ముఖాలు ఇంకా నల్లబడతాయి. ముఖానికి లెక్క చూసి పెట్టండి. డ్రెస్సు కాస్త తెల్లగా తేలిపోయినా ఫరవాలేదు. రా ఫైల్‌లో తీయండి, పేపరుకి వెంటనే పంపాల్సి ఉంటే పక్కనే జేపెగ్ కూడా పెట్టుకోండి. తర్వాత కంప్యూటర్‌లో నాయిజ్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఎంతో కొంత సాయం చేస్తుంది. కానీ పెళ్లికూతురికి చేసినట్టు చర్మం నున్నగా చేయకండి. చెమట, ఎర్రబడ్డ చెంప, చెదిరిన జుట్టు, ఈ ఫోటోని వాళ్లు కొనుక్కునేది వాటి కోసమే.

దెబ్బల ఫోటోలే తీసుకుని ఇంటికి రాకండి. నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్‌కి చెందిన జిత్‌పాంగ్ జుటామస్‌ని 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. మర్నాడు పేపరు తెరిచినవాళ్లు ముందు వెతికింది ఆమె గెలిచాక ముఖం ఎలా ఉందా అని. అంతకు పదకొండేళ్ల ముందు, 2011లో, అదే టర్కీలోని అంటాల్యాలో ఆమె జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. దానికీ ముందు నిజామాబాద్‌లో తండ్రి దగ్గరా, కోచ్ సంసముద్దీన్ దగ్గరా నేర్చుకుంటున్న పిల్ల. జిల్లా పోటీలో మీ ఎదుట నిలబడ్డ పన్నెండేళ్ల పిల్ల రేపేమవుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఓడినవాళ్లవీ, బెంచీ మీద ఎదురుచూసేవాళ్లవీ, కోచ్ చెవిలో చెప్పే మాటలవీ ఫోటోలు తీసి, తేదీతో, పేరుతో హార్డ్ డిస్క్‌లో దాచండి.

పేర్ల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. ప్రతి బౌట్‌కి ముందు డ్రా షీటునో, స్కోరు బోర్డునో ఒక ఫోటో తీయండి. ఎరుపు ఎవరు, నీలం ఎవరు, ఏ బరువు, ఏ స్కూలు అన్నీ అందులోనే ఉంటాయి. రాత్రి మూడొందల ఫోటోల్లో ఎవరు ఎవరో తెలియక తల పట్టుకునే బాధ తప్పుతుంది. జిల్లా పేజీ కంట్రిబ్యూటర్‌కి ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే సైజు చిక్కిపోతుంది. పేర్లు, తరగతి, ఫలితం ఒక్క వాక్యంలో రాయండి. మంచి ఫోటో పేర్లు లేక ఆగిపోవడం, మామూలు ఫోటో పేర్లతో సహా త్వరగా వచ్చి అచ్చవడం పేపరు ఆఫీసుల్లో రోజూ జరిగేదే.

పిల్లల ఫోటోలు కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఎవరి పిల్లల ఫోటో అయినా వాళ్ల తల్లిదండ్రులను అడగకుండా స్టూడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దు. కింద పడ్డప్పుడు డ్రెస్సు తొలగినవి, ముక్కు నుంచి రక్తం వచ్చినవి, ఏడుస్తున్నవి ఎంత బాగా వచ్చినా బయటికి పోకూడదు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో మాస్టారితో ముందే మాట్లాడుకోండి. ఈ ఊళ్లో ఒకసారి పేరు పోతే పెళ్లిళ్ల పని కూడా పోతుంది.

సాధన ఎక్కడ చేయాలంటారా? సాయంత్రం పూట ఏదో ఒక స్కూలు ఆవరణలో కరాటే క్లాసు జరుగుతూనే ఉంటుంది. మాస్టారి అనుమతి తీసుకుని వారానికి ఒకరోజు ఆ ట్యూబ్‌లైట్ల కింద తీయండి. ఆ వెలుతురులో కదలని ముఖం తీయగలిగితే విజయవాడ దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియంలోనూ తీయగలరు.

చివరిగా డబ్బు. రోజుకింత అని నిర్వాహకుల దగ్గర మాట్లాడుకోవడం, పిల్లవాడికి ఇంత అని తల్లిదండ్రుల దగ్గర అమ్ముకోవడం, ఈ రెండూ వేర్వేరు బేరాలు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఫోటో మీద మొదటి హక్కు తీసినవాడిదే. కానీ ఒకరు డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ హక్కు తీయించుకున్నవారిదవుతుంది. నిర్వాహకుల దగ్గర రోజు కూలి తీసుకుని, అవే ఫోటోలు తల్లిదండ్రులకు అమ్మితే రేపు పేచీ రావచ్చు. అందుకే హాల్లోకి అడుగుపెట్టే ముందే, "ఫోటోల మీద హక్కు నాదే, మీ అకాడమీ ప్రచారానికి ఉచితంగా వాడుకోవచ్చు, ప్రింట్లు నేను అమ్ముకుంటాను" అని మాస్టారికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, సరేనన్న జవాబు తెప్పించుకోండి.